సెకండ్‌హ్యాండ్ ఫోన్: డబ్బు ఇచ్చేలోపు ఏమేం చూడాలి, ఏ వరసలో?

కొనబోయేవాడు:
అన్నలూ, ఆన్‌లైన్ ప్రకటనలో ఒక ఆండ్రాయిడ్ ఫోన్ చూశాను. అమోలెడ్ తెర, 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ, రెండేళ్లు వాడిందట. 14 వేలు చెప్తున్నాడు. పెట్టె ఉంది, బిల్లు పోయిందంటున్నాడు. రేపు సాయంత్రం అమీర్‌పేట మెట్రో దగ్గర కలుద్దామన్నాడు. మహా అయితే అరగంట దొరుకుతుంది. గీతలు, సొట్టలు నాకూ కనిపిస్తాయి. కంటికి కనిపించనివి చెప్పండి.

మైక్రోస్కోప్:
బ్రదర్, వరస సరిగ్గా ఉంటే అరగంట చాలు. బ్యాటరీ పాడైతే మార్పించుకోవచ్చు, చార్జింగ్ బోర్డు పోయినా మార్పించుకోవచ్చు. ఫోన్ దొంగ సరుకైనా, లోపల తాళం ఉన్నా ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. అందుకని ముందు ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు), తర్వాత తెర, ఆపైన బోర్డు (లోపలి మదర్‌బోర్డు), ఆఖర్న బ్యాటరీ. జనం తిరగేసి బ్యాటరీతో మొదలుపెడతారు.

ఐఎంఈఐ పని ఈ రాత్రే ఇంట్లో కూర్చుని చేయొచ్చు. *#06# కొట్టి, వచ్చిన తెర ఫొటో పంపమని అమ్మేవాడిని అడగండి. రెండు సిమ్ముల ఫోనైతే రెండు నంబర్లు, ఒక్కోటి 15 అంకెలు. మీ ఫోన్ నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ వేసి 14422 కి ఎస్సెమ్మెస్ పంపండి. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ యాప్‌లో కూడా ఇదే పని అవుతుంది. జవాబులో కంపెనీ, మోడల్ వస్తాయి. బ్లాక్ లిస్టెడ్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్, ఈ మూడింటిలో ఏది కనిపించినా రేపటి ప్రయాణం మానుకోండి. మోడల్ పేరు వేరేది వచ్చినా అంతే, ఆ బోర్డు మీద ఇంకో ఫోన్ నంబరు ఎక్కించారన్నమాట. నంబరు మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు ఉంది.

రేపు ఫోన్ చేతికి రాగానే మళ్లీ *#06# కొట్టండి. రాత్రి పంపిన ఫొటో ఇంకో ఫోన్‌ది కావచ్చు. తెర మీది నంబరు, పెట్టె స్టిక్కర్ మీది నంబరు, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ కింద ఉండే నంబరు, మూడూ కలవాలి.

ఫైనాన్స్ డెస్క్:
పై జవాబుకి ఒకటి కలపాలి. 14422 జవాబు శుభ్రంగా వచ్చినంత మాత్రాన ఈఎంఐ బాకీ లేదని కాదు. అది పోయిన ఫోన్ల సంగతే చెప్తుంది, అప్పుల సంగతి చెప్పదు.

వాయిదాల మీద ఇచ్చే ఫోన్లలో కొన్నిటికి అప్పిచ్చిన సంస్థ లాక్ వేసి ఇస్తుంది. వాయిదాలు కట్టినంత కాలం ఫోన్ మామూలుగా పనిచేస్తుంది. అమ్మేవాడు మీ దగ్గర డబ్బు తీసుకుని వాయిదా ఎగ్గొడితే, వచ్చే నెల మీ చేతిలో ఉండగా తెర మూసుకుపోతుంది. రీసెట్ చేసినా అది పోదు, ఇంటర్నెట్ తగలగానే తిరిగొస్తుంది.

పట్టుకునే చోట్లు ఇవి. లాక్ తెర అడుగున, లేదా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ పేజీలో, 'ఈ పరికరం మీ సంస్థకు చెందినది' అనే అర్థంలో వాక్యం ఉందేమో చూడండి. డివైస్ అడ్మిన్ యాప్స్ జాబితా తెరిచి, తీసేయడానికి వీల్లేకుండా ఫైనాన్స్ పేరుతో ఏదైనా కూర్చుందా చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ బటన్ బూడిద రంగులో, నొక్కడానికి వీల్లేకుండా ఉంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. అప్పు తీరిపోయిందని చెప్తే ఎన్‌ఓసీ, అంటే బాకీ లేదని అప్పిచ్చిన సంస్థ ఇచ్చే పత్రం, అడగండి. మెయిల్‌లో ఉంటుంది, రెండు నిమిషాల్లో తీసి చూపించొచ్చు.

కొనబోయేవాడు:
రీసెట్ అక్కడే చేయించాలా? ఇంటికొచ్చాక నేనే చేసుకుంటే సరిపోదా?

మైక్రోస్కోప్:
అక్కడే, మీ కళ్ల ముందే, డబ్బు ఇవ్వకముందే. ఇంటికొచ్చాక పాత గూగుల్ పాస్‌వర్డ్ అడిగిందంటే అతను ఫోన్ ఎత్తుతాడన్న నమ్మకం ఏముంది?

పరీక్షలన్నీ అయి ధర కుదిరాక చేయించండి. ముందు అతని చేతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతా తీయించండి. షావోమీ అయితే షావోమీ ఖాతా, శాంసంగ్ అయితే శాంసంగ్ ఖాతా కూడా. ఇవి వేరువేరు తాళాలు, ఒకటి తీస్తే రెండోది పోదు. తర్వాత సెట్టింగ్స్ లోపలి నుంచే రీసెట్. ఖాతా తీయకుండా బటన్లు నొక్కిపట్టి రికవరీ మెనూలోంచి చేస్తే, లేచాక పాత ఖాతా అడుగుతుంది. ఆ తాళం ఆండ్రాయిడ్ 5.1 నుంచీ ఉంది.

ఫోన్ మళ్లీ లేచాక సెటప్‌లో మీ హాట్‌స్పాట్ కలపండి. ఇక్కడ వైఫై స్కిప్ చేయడమే పెద్ద పొరపాటు. నెట్ లేకపోతే కంపెనీ తాళం గానీ, ఫైనాన్స్ తాళం గానీ పైకి రాదు. నెట్‌తో సెటప్ మొత్తం దాటి హోమ్ స్క్రీన్ వచ్చాక యూపీఐ చేయండి. దీనికే పది పన్నెండు నిమిషాలు పోతాయి కాబట్టి అరగంటలో మిగిలింది పద్దెనిమిదే అనుకోండి.

గుంటూరు సర్వీస్:
తెర సంగతి నేను చెప్తాను. సెకండ్స్‌లో ఎక్కువ మోసం జరిగేది కాంబో (తెర, టచ్ కలిపి ఒకే ముక్కగా వచ్చే భాగం) దగ్గరే. అసలు అమోలెడ్ కాంబో ఖరీదు ఎక్కువని పగిలినప్పుడు చౌక ఎల్‌సీడీ వేయించి అమ్మేస్తుంటారు.

మీ ఫోన్‌లో నాలుగు బొమ్మలు సిద్ధంగా ఉంచుకోండి: పూర్తి నలుపు, పూర్తి తెలుపు, లేత బూడిద, ఎరుపు. బ్లూటూత్‌లో ఆ ఫోన్‌కి పంపితే బ్లూటూత్ పరీక్ష కూడా అయిపోతుంది. నల్ల బొమ్మ తెర నిండా పెట్టి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, చేతులు అడ్డం పెట్టి చీకట్లో చూడండి. అమోలెడ్ అయితే నలుపు దగ్గర వెలుగే ఉండదు, తెర ఆపేసినట్టు ఉంటుంది. బూడిదగా మెరుస్తుంటే లోపల ఉన్నది ఎల్‌సీడీ. తెర లోపల ఫింగర్‌ప్రింట్ ఉండే మోడల్ అయితే ఇంకా తేలిక: కొత్త వేలిముద్ర నమోదు చేసి చూడండి. ఎల్‌సీడీ వేస్తే ఆ సెన్సర్ పనిచేయదు. 'వేలిముద్ర అప్పుడప్పుడు తీసుకోదు లెండి' అని అతను ముందే అన్నాడంటే కారణం ఇదే అయ్యుంటుంది.

బూడిద, ఎరుపు బొమ్మలు బర్న్-ఇన్ కోసం, అంటే ఒకే బొమ్మ చాలాకాలం ఉండి తెర మీద పడిపోయిన మరకల కోసం. కీబోర్డు ఉండే చోట, పైన గడియారం ఉండే చోట, అడుగున బటన్ల దగ్గర నీడలాంటి మచ్చలు వెతకండి. సన్నటి ఆకుపచ్చ గీతో, గులాబీ గీతో నిలువునా ఉంటే బేరం కూడా ఆడొద్దు. అలాంటి తెరకి ఇవాళ ఒక గీత ఉంటే రేపు రెండోది పడుతుంది, కాంబో మార్చడం తప్ప మందు లేదు.

టచ్‌కి: అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి (షావోమీల్లో ఓఎస్ వెర్షన్ మీద తట్టాలి). అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి, వేలితో పై నుంచి కిందకి, అడ్డంగా, అంచుల వెంట గీయండి. గీత ఎక్కడ తెగితే అక్కడ టచ్ చచ్చినట్టే. శాంసంగ్ అయితే *#0*#, షావోమీ అయితే *#*#6484#*#* కొడితే కంపెనీ టెస్ట్ మెనూనే తెరుచుకుంటుంది. ఎల్‌సీడీ వేసిన ఫోన్లలో చెవి దగ్గర పెడితే తెర ఆరిపోవడం కూడా చాలాసార్లు పాడవుతుంది, మాట్లాడేటప్పుడు చెంప తగిలి కాల్ కట్ అవుతుంటుంది. అది కాల్ చేసే చూడాలి.

మైక్రోస్కోప్:
బోర్డుకి వస్తే, చల్లగా ఉన్నప్పుడు ప్రతి ఫోనూ బాగానే పనిచేస్తుంది. కింద పడినప్పుడు చిప్ కింద సోల్డర్ (టంకం) చిట్లిన బోర్డు, రీబాల్ చేసిన (చిప్ తీసి కొత్త టంకంతో మళ్లీ అతికించిన) బోర్డు, వేడెక్కాకే బయటపడతాయి. అందుకని చేతికి రాగానే కెమెరా తెరిచి, ఉన్నంతలో పెద్ద రిజల్యూషన్‌లో వీడియో మొదలుపెట్టి, బ్రైట్‌నెస్ పెంచి, పది నిమిషాలు అలా నడవనివ్వండి. ఈలోపు బయట భాగాలు చూసుకోండి. మధ్యలో రీస్టార్ట్ అయితే, వేడెక్కాక వైఫై బటన్ బూడిదరంగుకి మారి ఆన్ కాకపోతే, ఆ ఫోన్ బోర్డు పనికి వెళ్లొచ్చినదో, వెళ్లాల్సినదో. రెండూ మనకొద్దు.

ఆ పది నిమిషాల్లో సిమ్ ట్రే తీసి టార్చి వేసి లోపల చూడండి. చాలా మోడళ్లలో తెల్లటి చిన్న స్టిక్కర్ ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. తెల్లగా ఉంటే నీళ్లు తగల్లేదని గ్యారంటీ ఏం లేదు, కొందరు మార్చేస్తారు. వీడియో తర్వాత కెమెరా అద్దం లోపల ఆవిరి పట్టిందేమో కూడా చూడండి. అది ఎవరూ మార్చలేని సాక్ష్యం.

మీ సిమ్ రెండు స్లాట్లలోనూ విడివిడిగా వేసి కాల్ చేయండి. జియో సిమ్ దొరికితే మంచిది, వాళ్లకి 2జీ, 3జీ లేవు కాబట్టి కాల్ వెళ్లిందంటే వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) పనిచేస్తున్నట్టే. ఇయర్‌పీస్‌లో ఒకసారి, లౌడ్‌స్పీకర్‌లో ఒకసారి మాట్లాడండి. కింది మైకు వాయిస్ రికార్డర్‌లో, పై మైకు ఇందాకటి వీడియో తిరిగి వింటే తెలుస్తాయి. గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒంటికాలి మీద తిరిగినట్టు ఒక చుట్టు తిరగండి, నీలి బాణం మీతోపాటు తిరగాలి. కెమెరాలన్నీ ఒక్కోటిగా, తెల్ల గోడ మీద: నల్ల చుక్కలు, ఊదా గీతలు ఉండకూడదు.

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద 'డివైస్ ఈజ్ సర్టిఫైడ్' అని ఉండాలి. లేకపోతే బూట్‌లోడర్ (ఫోన్ లేవగానే అసలు సాఫ్ట్‌వేర్‌నే నడిపించే కాపలా) తెరిచి సాఫ్ట్‌వేర్ మార్చారనుకోండి, బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి.

కొనబోయేవాడు:
బ్యాటరీ హెల్త్ చూపించే యాప్ ఏదైనా వేసుకోనా?

గుంటూరు సర్వీస్:
వద్దు. ఆ యాప్‌లు రోజుల తరబడి చార్జింగ్ లెక్కలు చూస్తేగానీ నిజం చెప్పవు, అరగంటలో అవి చూపే శాతం ఊహే. అబౌట్ ఫోన్‌లో బ్యాటరీ ఇన్ఫర్మేషన్ అని ఉండి, సైకిల్ కౌంట్ (మొత్తం ఎన్నిసార్లు పూర్తి చార్జింగ్ అయిందో ఆ లెక్క) చూపిస్తే అదే నమ్మండి. శాంసంగ్‌లో శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో డయాగ్నోస్టిక్స్ ఉంది. అవేవీ లేకపోతే ఆ పది నిమిషాల వీడియోయే కొలబద్ద. నాలుగైదు శాతం తగ్గితే మామూలు. పది దాకా జారితే బ్యాటరీ అయిపోయినట్టు. 40 నుంచి ఒక్కసారిగా 25 కి దూకితే కూడా అంతే.

వెనక మూత అంచు లేచి ఉన్నా, బల్ల మీద పెడితే ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బింది. నొక్కి చూడకండి.

చార్జర్ అతనిదే తెమ్మనండి. టైప్-సీ పిన్ను రెండు వైపులా తిప్పి పెట్టి చూడాలి, ఒకవైపే ఎక్కితే పోర్టు పోయింది. ఫాస్ట్ చార్జింగ్ గుర్తు రావాలి. రాకపోయినా కంగారొద్దు, ఎక్కువ మోడళ్లలో చార్జింగ్ బోర్డు విడిగా ఉంటుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

మైక్రోస్కోప్:
బ్యాటరీ ఉబ్బితే మాత్రం తగ్గించమనడం కాదు, వదిలేయమంటాను. ఉబ్బిన బ్యాటరీ లోపల నుంచి తెరని తోస్తుంది. బ్యాటరీ మార్చాక నెల తిరక్కుండా కాంబో కూడా మార్చాల్సి రావచ్చు.

ఇంకొకరు:
ఇదే చోట అడుగుతున్నా, ఐఫోన్‌కి కూడా ఇవేనా?

ఫైనాన్స్ డెస్క్:
ఐఫోన్‌లో పని తేలిక. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో 'పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ' ఉందా చూడండి. భాగాలేవీ మారకపోతే ఆ వరసే ఉండదు. 'అన్‌నోన్ పార్ట్' అని ఉంటే బయటి భాగం పడి ఉండొచ్చు. అదే పేజీలో మోడల్ నంబర్ మొదటి అక్షరం చూడండి: ఎం అయితే కొత్తగా అమ్మినది, ఎఫ్ అయితే రిఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మినది), ఎన్ అయితే సర్వీసులో బదులు ఇచ్చినది. 'ఎప్పుడూ రిపేరుకి వెళ్లలేదు' అంటున్నవాడి ఫోన్ మీద ఎన్ ఉంటే అడగాల్సింది అడగండి. బ్యాటరీ 80 శాతం లోపు ఉంటే మార్పిడి ఖర్చు తీసేసి ధర మాట్లాడాలి. వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్‌లో ఏ ప్రొఫైలూ ఉండకూడదు. సెట్టింగ్స్ పైభాగాన 'సూపర్‌వైజ్డ్' అని రాసుంటే అది ఏదో కంపెనీదో, అప్పుదో. ఫైండ్ మై (పాత యజమాని ఆపిల్ ఖాతాతో ఉండే తాళం) తీయించి, ఎరేజ్ చేయించి, హలో తెర దాటి నెట్‌తో లోపలికి వెళ్లేదాకా డబ్బు కదలకూడదు.

కొనబోయేవాడు:
బిల్లు లేదు కదా, దానికేం చేయాలి?

ఫైనాన్స్ డెస్క్:
ఆన్‌లైన్‌లో కొన్నదైతే బిల్లు ఎక్కడికీ పోదు, ఆ షాపింగ్ యాప్‌లో పాత ఆర్డర్ల దగ్గర డౌన్‌లోడ్ అవుతుంది. అక్కడే నిలబడి తీయమనండి. నిజంగా లేకపోతే తెల్ల కాగితం మీద రాయించుకోండి: ఇద్దరి పేర్లు, అతని ఫోన్ నంబరు, మోడల్, రెండు ఐఎంఈఐలు, ధర, తేదీ, సంతకం. అతని ఆధార్ కూడా తీసుకుంటే మాస్క్ చేసిన (కొన్ని అంకెలు దాచిన) కాపీ అడగండి, మొత్తం నంబరు మీకూ అక్కర్లేదు. డబ్బు నగదుగా కాకుండా యూపీఐలో, అతని పేరు మీదే పడేలా ఇవ్వండి.

ఇవాళ 14422 లో శుభ్రంగా ఉన్న నంబరు మీద రేపు ఎవరైనా పోయిందని ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు అందులో వేసిన మీ సిమ్ నంబరుతో పోలీసులు నేరుగా మీ దగ్గరికే వస్తారు. దొంగ సరుకని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. మీకు తెలియదని చెప్పుకోవడానికి ఆధారం ఆ కాగితం, ఆ యూపీఐ రసీదు. కాగితం అనగానే అతను 'ఇంత దానికి ఎందుకు సార్' అంటూ నసిగితే, ఇంకో పన్నెండు వందలు తగ్గిస్తానన్నా వెనక్కి వచ్చేయండి.

కొనబోయేవాడు:
సరే అన్నా. ఐఎంఈఐ ఫొటో ఇప్పుడే అడిగాను, ఇంకా పంపలేదు. సిమ్ పిన్ను, నా జియో సిమ్, నాలుగు బొమ్మలు, తెల్ల కాగితం పెట్టుకున్నా. ఇంకేమైనా తీసుకెళ్లాలా?

గుంటూరు సర్వీస్:
పవర్‌బ్యాంకు, మీ సొంత కేబుల్. అతను చార్జర్ మర్చిపోయానంటాడు, పది మందిలో తొమ్మిది మంది అంతే. మెట్రో మెట్ల దగ్గర వద్దు, పక్కనే ఏదైనా టీ కొట్టులో కూర్చోండి. నిలబడి చూస్తే నల్ల బొమ్మ పరీక్ష కుదరదు, తొందరపెట్టడం కూడా ఎక్కువ. ఫొటో రాత్రికి కూడా రాకపోతే బయల్దేరకండి.