పోర్త్‌కర్నో మ్యూజియంలో ముందుగా ఏం చూడాలి?

ప్రశ్న: వచ్చే నెల ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ వెళ్తున్నాను. 1870లో బొంబాయికి తంతి వార్తలు చేరవేసిన సముద్రగర్భ తీగ ఒడ్డెక్కిన పోర్త్‌కర్నోలో కమ్యూనికేషన్ల మ్యూజియం ఉంది. ఒక్క పూటే వీలవుతుంది కనుక, ఏవి వదులుకోకూడదో దయచేసి చెప్పగలరా?

జవాబు 1: ముందు సొరంగాల్లోకి వెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల నుంచి తంతి కేంద్రాన్ని కాపాడేందుకు గని కార్మికులు గ్రానైట్ కొండను తొలిచి వాటిని నిర్మించారు. సైఫన్ రికార్డర్ దగ్గర మాత్రం తొందరపడకండి. వేల మైళ్లు దాటి నీరసించిన సంకేతానికి సన్నని గాజు గొట్టం కదులుతూ, కాగితపు పట్టీ మీద సిరాగీత గీస్తుంది. అది ఒకవైపు వంగితే మోర్స్ సంకేత లిపిలోని చుక్క, మరోవైపు వంగితే డ్యాష్. ఆ వంకరగీతను గుమాస్తాలు గడగడా చదివేవారంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

జవాబు 2: పై సలహా సరైనదే. రేడియో చరిత్ర కోసమైతే, వీలు చూసుకుని కార్న్‌వాల్‌లోనే ఉన్న పోల్‌ధు కూడా వెళ్లండి. 1901 డిసెంబరులో అట్లాంటిక్ ఆవలనున్న మార్కోనీకి సంకేతం పంపింది అక్కడినుంచే. తీగ లేకుండానే వార్తలు పంపే ఆ పోటీకి కలవరపడిన తీగల కంపెనీ, ఆయన సందేశాలను చాటుగా వినడానికి పోర్త్‌కర్నోలోనే ఒక స్తంభం నిలబెట్టింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. సొరంగాలతోనే మొదలుపెడతాను.