300 ప్లాన్, వైరు పెట్టినా 94 దాటట్లేదు, ఎక్కడుంది తేడా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. విజయవాడలో అపార్ట్‌మెంట్, ఫైబర్ కనెక్షన్, 300 ఎంబీపీఎస్ ప్లాన్. ఫైబర్ డబ్బా హాల్లో గుమ్మం పక్కన ఉంది, అక్కణ్ణుంచి బిల్డర్ గోడలో వేయించిన ల్యాన్ వైరు లోపలి బెడ్‌రూమ్‌కి వస్తుంది, అక్కడే నా డెస్క్‌టాప్. స్పీడ్ టెస్ట్ పెడితే పొద్దున చూసినా అర్ధరాత్రి చూసినా 93, 94, అంతే, అప్‌లోడ్ కూడా అదే. కంప్లైంట్ ఇస్తే కుర్రాడొచ్చి హాల్లో డబ్బా పక్కన నిలబడి తన ఫోన్లో 280 చూపించి "మా సైడ్ అంతా ఓకే సార్" అని వెళ్లిపోయాడు. నెలనెలా 300కి కడుతూ మూడో వంతు కూడా సరిగ్గా రాకపోతే ఎలా అండి, వర్క్ ఫ్రం హోమ్‌లో పెద్ద ఫైళ్లు పంపాలంటే ప్రాణం పోతోంది.

నైట్‌షిఫ్ట్:
బ్రో మీ ఏరియాలో లోడ్ ఎక్కువై ఉంటుంది, మా దగ్గర కూడా రాత్రి తొమ్మిదైతే పడిపోద్ది. లేదంటే సిస్టమ్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్‌లో స్పీడ్ అండ్ డూప్లెక్స్ అని ఉంటుంది, ఆటో తీసేసి 1 గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) పెట్టి చూడండి.

కేబులింగ్ 24:
లోడ్ కాదు తమ్ముడూ. లోడ్ అయితే అంకె ఊగుతుంది, పొద్దున 250 ఉంటది, రాత్రి 60 అవుద్ది. ఈయనకి ఏ టైమ్‌లో చూసినా 94, అదీ రెండు వైపులా. ఆ అంకె చూడగానే సగం తెలిసిపోయింది, లింక్, అంటే ఈయన సిస్టమ్‌కీ డబ్బాకీ మధ్య వైరు స్పీడ్, 100 దగ్గర ఆగిపోయింది. 1500 బైట్ల ప్యాకెట్ వైరు మీద 1538 బైట్ల చోటు తింటుంది, అందులో అసలు సరుకు 1460 లోపే, కాబట్టి 100 లింకులో టెస్ట్ 94, 95 చూపించి ఆగిపోద్ది, ఎంత మంచి ప్లాన్ తీసుకున్నా అంతే.

కృష్ణాతీరం గారూ, విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ ఓపెన్ చేసి లింక్ స్పీడ్ ఎంతుందో చూడండి. 100/100 అని ఉంటే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి మంచి చిన్న ప్యాచ్ కార్డుతో (రెడీమేడ్ ల్యాన్ వైరు) నేరుగా ఫైబర్ డబ్బాకి పెట్టండి. అక్కడ 1000 వస్తే గోడలో వైరుదే తప్పు. అక్కడా 100 అంటే పోర్టు మార్చి చూడండి, కొన్ని డబ్బాలకి ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది, మిగతావి 100వే. ల్యాప్‌టాప్‌కి పాత యూఎస్‌బీ ల్యాన్ డాంగిల్ వాడుతుంటే అదే 100ది కావచ్చు, అదీ చూసుకోండి.

1 గిగాబిట్ ఫోర్స్ చెయ్యడం మాత్రం వద్దు. గిగాబిట్‌కి వైర్లో 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు, అంటే 1, 2, 3, 6 పిన్నులు. తీగే లేకపోతే సెట్టింగ్ మార్చి ఏం లాభం, ఉన్న లింక్ కూడా పోద్ది.

కృష్ణాతీరం:
అన్నా, అచ్చం మీరన్నట్టే ఉంది! డెస్క్‌టాప్‌లో 100/100. ల్యాప్‌టాప్ డబ్బాకి పెడితే 1000/1000, టెస్ట్‌లో 290 దాటింది. హాల్లో ప్లేట్ స్క్రూలు తీసి చూశా, నారింజ, ఆకుపచ్చ జతలు మాత్రమే సాకెట్‌కి ఉన్నాయి, నీలం, గోధుమ రంగు జతలు విడదీసి వెనక్కి మడిచి ఇంటర్‌కామ్ పాయింట్‌కి మెలిపెట్టి టేప్ చుట్టాడు. ఇప్పుడేం చెయ్యాలి? గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్ చేసేది ఆ ఇంటర్‌కామ్ మీదే, అది పీకేస్తే అమ్మ ఊరుకోదు.

కేబులింగ్ 24:
ఇది చాలా బిల్డింగుల్లో చూస్తున్నా, ఇంకో వైరు డబ్బులు మిగలడానికి ఎలక్ట్రీషియన్లు చేసే పని. నాకైతే ఒళ్లు మండుద్ది, ఇల్లు కొన్నవాళ్లకి ఏళ్ల తర్వాత గానీ తెలియదు. ఇంటర్‌కామ్‌ని అలాగే ఉంచండి, దానికి 2 తీగలు చాలు. ల్యాన్‌కి మాత్రం అదే పైపులో కొత్త క్యాట్ 6 (గిగాబిట్‌కి సరిపోయే ల్యాన్ వైరు) లాగించండి. పైపులో చోటు లేకపోతే పాత వైరు చివరకే కొత్త ల్యాన్ వైరూ ఇంటర్‌కామ్ కోసం సన్న టెలిఫోన్ వైరూ కట్టి లాగితే రెండూ వచ్చేస్తాయి. కరెంటు పైపులోంచి మాత్రం వద్దు.

నైట్‌షిఫ్ట్:
ఓహో, ఇది నాకు కొత్త విషయం అన్నా. వైరు ఏది కొనమంటారు?

కేబులింగ్ 24:
ప్యూర్ కాపర్ అని అడిగి కొనండి. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూతే, బ్లేడుతో తీగ గీకితే లోపల తెల్లగా కనపడుద్ది. అది గోడలో వేస్తే వంపుల దగ్గర తొందరగా విరుగుద్ది. సాకెట్ కొట్టేటప్పుడు జతల మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పనివ్వకండి, రెండు చివర్లా ఒకే కలర్ వరస ఉండాలి: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఎలక్ట్రీషియన్ "నెట్ వస్తోంది కదా సార్" అంటే ఒప్పుకోకండి, 4 తీగల మీదా నెట్ వస్తుంది. టెస్టర్‌లో 8 లైట్లూ వరసగా వెలిగి, మీ సిస్టమ్‌లో లింక్ 1000 అని చూశాకే డబ్బులివ్వండి.

కృష్ణాతీరం:
చాలా థ్యాంక్స్ అన్నా. ఆదివారం మనిషిని పిలుస్తున్నా. మా ఫ్లోర్‌లో మిగతా ఫ్లాట్ల వాళ్లక్కూడా లింక్ స్పీడ్ చూసుకోమని గ్రూపులో పెట్టా, ఇప్పటికే ఇద్దరు 100 అని స్క్రీన్‌షాట్ పంపారు, అందరం కలిసి ఒకే రోల్ కొంటే సరిపోతుందేమో మాట్లాడుకుంటున్నాం.