సమస్యాపూరణం: "పుట్టగొడుగు నీడ పురము వెలసె"

పృచ్ఛకురాలు:

ఈసారి ఆటవెలదిలో నాలుగో పాదం ఇస్తున్నాను. చీమ కూడా తల దాచుకోలేని పుట్టగొడుగు నీడలో ఏకంగా ఒక పట్టణం వెలిసిందట. అది ఎలాగో ముందు మూడు పాదాలు రాసి మీరు చెప్పాలి. వసంతం కనిపించాలి, పిల్లల ఆట కనిపించాలి. ఇంద్రజాలం, కల, మాయాబజారు వద్దు. ఆ మూడూ ఏ సమస్యకైనా సరిపోతాయి కాబట్టి.

ఈ పాదం నాకు ఎక్కడ తోచిందో చెబుతాను. ఇప్పుడు అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో కూతురి దగ్గర ఉన్నాను. మీకక్కడ ఎండలు ముదురుతుంటే ఇక్కడ మే నెలలో ఇప్పుడే కొమ్మలు చిగురిస్తున్నాయి. పోయిన వారం ఆరేళ్ల మనవరాలితో మాన్‌హీగన్ ద్వీపానికి వెళ్లాను. తీరానికి సుమారు పది మైళ్ల దూరం. సందర్శకుల కార్లు అక్కడికి రావు. స్ప్రూస్ చెట్ల అడవిలో కాలిబాట పక్కన, వేళ్ల సందుల్లో, జానెడు ఎత్తు ఇళ్లున్నాయి. బెరడు గోడలు, పుల్లల వాసాలు, ఆల్చిప్ప గుమ్మం, స్ప్రూస్ కాయ పొలుసులు పేర్చిన కప్పు. ఫెయిరీలు, అంటే పాశ్చాత్య జానపద కథల్లోని రెక్కల చిన్నారి దేవతలు, వచ్చి ఉంటాయని ఎవరెవరో పిల్లలు కట్టి వెళ్లినవి. ఒక ఇంటి ముందు మా పిల్ల బోర్లా పడుకుని అరగంట కదల్లేదు.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. నేల మీద రాలినదే వాడాలి. బతికి ఉన్న నాచును పెకలించకూడదు, పువ్వు కోయకూడదు, ప్లాస్టిక్ పెట్టకూడదు. ఆ అడవిని కాపాడుతున్న సంఘాన్ని 1954లో స్థాపించినది విద్యుద్దీపంతో పేరుపొందిన థామస్ ఎడిసన్ కుమారుడు థియొడోర్ ఎడిసన్.

కొత్తవారి కోసం: గణం అంటే గురులఘువుల గుంపు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి హల్లులోనూ అచ్చులోనూ మైత్రి కుదరాలి. ప్రాస నియమం లేదు.

పూరణ 1, కాకినాడ మాస్టారు:

మంచు కరగి నేల మగత వీడిన వేళ
బెరడు గోడ కట్టి పీచు పరచి
చిట్టి చేతులాడ సెలయేటి యొడ్డున
పుట్టగొడుగు నీడ పురము వెలసె

పృచ్ఛకురాలు:

మాస్టారూ, "నేల మగత వీడిన వేళ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నెలల తరబడి మంచు కింద పడుకున్న నేలను ఇక్కడ ప్రతి ఉదయం చూస్తున్నాను, అచ్చంగా అలాగే ఉంటుంది. యతులన్నీ శుభ్రంగా ఉన్నాయి. బె-పీ మైత్రి వినసొంపుగా కుదిరింది.

సందేహం ఒక్కటే. మంచు కరిగిన వెంటనే ఇక్కడ గొడుగు లాంటి పుట్టగొడుగు దొరకదు. వసంతంలో వచ్చేది మోరెల్. దాని తల తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది, దాని కింద నీడ ఉండదు. పిల్లల పుస్తకాల్లో కనిపించే ఎర్రటి టోపీ, తెల్ల చుక్కల రకం అమనీటా మస్కారియా. అది శరదృతువులో వస్తుంది, పైగా విషం. పిల్లలతో ఆడించేటప్పుడు నిజమైన పుట్టగొడుగును ముట్టనివ్వకపోవడమే మంచిది.

కాకినాడ మాస్టారు:

ఒప్పుకుంటున్నాను అమ్మా. నా మనసులో ఉన్నది మట్టితో చేసిన బొమ్మ. కానీ పద్యంలో ఆ మాట లేదు. పాఠకుడు నా మనసులోకి వచ్చి చూడలేడు కదా.

పూరణ 2, హైదరాబాద్ సోదరి:

కుండ నడుమ మెంతి కొత్త వనము గాగ
అగ్గిపుల్లతోడ నంచు గట్టి
గవ్వ మెట్లు దీర్చి గవిని నిల్పినయంత
పుట్టగొడుగు నీడ పురము వెలసె

ఇది మా బాల్కనీలో చేసిందే. వెడల్పాటి మట్టి కుండీకి అడుగున చిల్లు చూసుకుని, కాస్త ఇసుక, పైన ఎర్రమట్టి పోశాం. రాత్రి నానబెట్టిన మెంతులు చల్లితే మూడో రోజుకు మొలకలు వచ్చాయి. పది రోజులకు పిల్లల కళ్లకు అది అడవే. దారికి చిన్న గులకరాళ్లు, చెరువుకు పగిలిన అద్దం ముక్క బదులు చెమ్కీ కాగితం.

కాకినాడ మాస్టారు:

"గవిని" అన్న మాట ఎన్నాళ్లకు విన్నాను! కోట వాకిలిని పట్టుకొచ్చి మెంతి మొలకల మధ్య నిలబెట్టారు. "పురము" అన్న పదానికి అది బలం ఇచ్చింది. ఊరికి వాకిలి ఉంటేనే పురం. అయితే నన్ను అడిగిన ప్రశ్నే మీకూ వస్తుంది. పుట్టగొడుగు ఎక్కడిది?

హైదరాబాద్ సోదరి:

కొబ్బరి చిప్ప మాస్టారూ. సగం చిప్పను బోర్లించి కొమ్మ ముక్కకు కట్టాం. ఎర్ర రంగు పూసి, ఆరాక అగరుబత్తి పుల్ల మొనతో సున్నం చుక్కలు పెట్టింది మా అమ్మాయి. మొదట్లో చుక్కలు జారిపోయాయి. సున్నం చిక్కబడే దాకా ఆగాలని తనే కనిపెట్టింది.

పృచ్ఛకురాలు:

అమ్మాయి చేసిన ఆ పనిని పద్యంలోకి తెచ్చుకోండి. అగ్గిపుల్లల పాదం తీసేయవచ్చు. మందు తల ఉన్న పుల్లలు చిన్నపిల్లల చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు, ఐస్‌క్రీం పుల్లలు చాలు. ఇలా అంటే?

కుండ నడుమ మెంతి కొత్త వనము గాగ
చిప్ప కొమ్మమీద చేర్చి కట్టి
గవ్వ మెట్లు దీర్చి గవిని నిల్పినయంత
పుట్టగొడుగు నీడ పురము వెలసె

హైదరాబాద్ సోదరి:

ఇదే ఉంచుకుంటాను. అమ్మాయికి చదివి వినిపించాను. "చిప్ప నాది" అంది.

పూరణ 3, లండన్ సభ్యుడు:

పల్చగుడ్డ రెక్క భుజమున తగిలించి
నీలిగంటపూలు నేల నిండ
ఆంగ్లసీమలోన నాటలు సాగెను
పుట్టగొడుగు నీడ పురము వెలసె

కాకినాడ మాస్టారు:

నాయనా, మొదటి పాదంలో యతి తప్పింది. ప-భు హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. అకారానికి ఉకారం చెల్లదు. "బాలలు తొడుగగా" అంటే సరిపోతుంది, గణాలూ కుదురుతాయి. అంతకంటే పెద్ద లోపం, మూడు పాదాల బొమ్మకూ నాలుగో పాదానికీ అతుకు లేదు. ఆటలు సాగాయి, సరే. దానివల్ల పుట్టగొడుగు కింద పురం ఎందుకు వెలిసింది?

పృచ్ఛకురాలు:

నీలిగంటపూలు, అదే బ్లూబెల్స్, తేవడం ఎంతో బాగుంది. ఆ గంటలు మోగితే ఫెయిరీలు గుమికూడతాయని అక్కడి జానపదుల నమ్మిక. ఏప్రిల్ చివర, మే మొదట్లో అడవి నేల నీలంగా మారిపోతుంది. కానీ ఆ నేల మీద పిల్లలు గంతులు వేయకూడదు. ఆకు నలిగితే దుంపకు ఆహారం అందదు, మొక్క తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. విత్తనం నుంచి పూత రావడానికే అయిదేళ్లకు పైగా కావాలి. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం కూడా ఆ పువ్వుకు రక్షణ ఇచ్చింది. "నేల నిండ ఆటలు" అని మనం రాస్తే చదివినవాళ్లకు ఆ పూలు తొక్కుతున్నట్టే కనిపిస్తుంది.

లండన్ సభ్యుడు:

మన్నించండి, అది తెలియక రాశాను. రెక్కల సంగతి మాత్రం తెలిసే రాశాను. నేను ఉండేది క్రాయ్‌డన్ దగ్గర. చిత్రకారిణి సిసిలీ మేరీ బార్కర్ 1895లో పుట్టింది ఇక్కడే. వసంతపు పూలకు ఒక్కో ఫెయిరీని గీసి, పద్యాలతో కలిపి 1923లో ప్రచురించారు. అక్క నడిపిన పిల్లల బడిలోని చిన్నారులనే ఎదురుగా నిలబెట్టుకుని గీసేవారట. పువ్వును బట్టి దుస్తులు తనే కుట్టి, పుల్లలకు పల్చటి గుడ్డ బిగించి రెక్కలు చేసేవారు. పువ్వులో రేకుల లెక్క కూడా తప్పేది కాదు. మా వీధి పిల్లలకు మేమూ అలాగే రెక్కలు కట్టాం. ఒకరింటి ఎర్ర గొడుగుకు తెల్ల కాగితం చుక్కలు అంటించి గడ్డిలో పాతాం. ఏడుగురు దాని కిందే మధ్యాహ్నమంతా కాపురం పెట్టారు.

పృచ్ఛకురాలు:

అయ్యో, అసలు పూరణ మీ మాటల్లోనే ఉంది! గొడుగే పుట్టగొడుగు అయింది, ఏడుగురు పిల్లలు ఊరు అయ్యారు. దాన్ని వదిలేసి "ఆటలు సాగెను" అని ఎందుకు రాశారు?

లండన్ సభ్యుడు:

పల్చగుడ్డ రెక్క బాలలు తొడుగగా
నీలిగంటపూల నేల వదలి
ఎఱ్ఱ గొడుగుమీద నింతి చుక్కలు పెట్ట
పుట్టగొడుగు నీడ పురము వెలసె

కాకినాడ మాస్టారు:

ఎ-ఇ మైత్రి చక్కగా ఉంది. "నేల వదలి" అని పూలకు దారి ఇచ్చారు, సంతోషం.

పూరణ 4, డాలస్ విద్యార్థిని:

త్రెంచకుండ పువ్వు తీగను లాగక
రాలినట్టి కొమ్మ రాయి గవ్వ
ఏరి తెచ్చి పాప యిల్లు కట్టిన చోట
పుట్టగొడుగు నీడ పురము వెలసె

నేను పద్యం రాయడం మొదలుపెట్టి నాలుగు నెలలే. తప్పులుంటే చెప్పండి. ఇంకో ప్రశ్న, ఫెయిరీని తెలుగులో ఏమనాలి?

పృచ్ఛకురాలు:

తప్పులు వెతికాను, గణాల్లో దొరకలేదు. ద్వీపంలోని కట్టుబాటు అంతా రెండు పాదాల్లో వచ్చేసింది. కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నా మనసు దీని మీదే ఉంది.

నీ ప్రశ్నకు వస్తే, "దేవకన్య" అంటే మనకు ఆకాశం నుంచి దిగివచ్చి కొలనులో స్నానం చేసి వెళ్లేది. ఫెయిరీ వేరు సందులో కాపురం ఉంటుంది. "వనదేవత" అంటే చేతులు జోడించాలి, ఆడుకోవడానికి వీలుపడదు. "యక్షిణి" అంటే పిల్లలు జడుసుకుంటారు. మా ఇంట్లో "చిట్టిదేవత" అంటున్నాం. అందులో మా మనవరాలికి నచ్చినది "చిట్టి".

కాకినాడ మాస్టారు:

తల్లీ, ఒక్క అక్షరం. ఒక పాప కట్టింది ఒక ఇల్లు. ఇల్లు పురం ఎలా అవుతుంది? "పాప యిల్లు" బదులు "పాప లిండ్లు" అను. పాపలు, ఇండ్లు కలిసి సంధి అయింది. యతి చెడలేదు, గణం చెడలేదు, ఊరు మాత్రం నిండింది.

డాలస్ విద్యార్థిని:

ఏరి తెచ్చి పాప లిండ్లు కట్టిన చోట
పుట్టగొడుగు నీడ పురము వెలసె

ఇంతసేపూ ఆ సంధి నా కళ్లముందే ఉంది, చూడలేకపోయాను. మాస్టారికి నమస్కారాలు.

పూరణ 5, నిజామాబాద్ రైతు:

చెదల పుట్టమీద చినుకులు తాకగా
ఉసిలి గుంపు లెగయ నుల్లసిల్లి
దేవకన్యలనుచు తిలకించె బాలుడు
పుట్టగొడుగు నీడ పురము వెలసె

పృచ్ఛకురాలు:

చదివి కాసేపు మాట రాలేదు. పుట్టగొడుగు అన్న పేరులోనే పుట్ట ఉందన్న సంగతి మేమంతా మరిచిపోయాం. చెదపుట్టల మీద మొలిచే రకమే కదా మనవాళ్లు తొలకరిలో ఏరుకొచ్చి వండుకునేది! పుట్టే పురం, రెక్కల ఉసిళ్లే చిట్టిదేవతలు. పొలం గట్టు మీద నిలబడి చూసినవారికే ఇది తడుతుంది.

కానీ ఇది తొలకరి, వసంతం కాదు. నియమం పెట్టింది నేనే కాబట్టి తప్పు అనక తప్పదు. మనసు ఒప్పుకోవడం లేదు.

నిజామాబాద్ రైతు:

నిజమేనమ్మా, కాలం తప్పింది. మా ఇంటి ముందు వేపచెట్టు ఉంది. చైత్రంలో పొద్దున్నే వాకిలి ఊడ్చేలోపు పూత రాలి నేలంతా పరుచుకుంటుంది. ఆ పూరేకులను చీమలు నెత్తిన పెట్టుకుని గొడుగులు పట్టినట్టు వరసగా పోతాయి. మా మనవడు వాటి దారిలో ముంత మూత ఒకటి పుల్ల మీద నిలబెట్టి, అవి దాని కిందుగా వెళ్లేదాకా కాపు కాశాడు. పై రెండు పాదాలు మార్చాను, చూడండి.

వేపపూలు రాలి వీధి తెల్లన కాగ
చీమ లేరుకొనుచు చేరుచుండ
దేవకన్యలనుచు తిలకించె బాలుడు
పుట్టగొడుగు నీడ పురము వెలసె