పత్రిక పాత సంచికలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టాలి: వర్డ్‌ప్రెస్సా, బ్లాగరా, ఇంకేమైనా ఉందా?

రాజాం_పక్క_ఊరు:

అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు. ఊళ్ళో చిన్న గ్రంథాలయం ఉంది. దాని తరఫున ఏడాదికి ఒకటో రెండో సంచికలు పత్రిక వేస్తాం. కథలు, మా వైపు మాటలు, తప్పెటగుళ్ళ పాటలు, జముకుల పాటలు ఉంటాయి. రాసేది ఎక్కువగా రిటైరైన మాస్టార్లు. టైపు, పేజీలు పెట్టే పని నాది.

ఇప్పుడు ఇవన్నీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంతకుముందు విశాఖలో ఒక వెబ్ డిజైనింగ్ ఆఫీసుకి డబ్బిచ్చి చేయించాం. డొమైన్ (సైటు చిరునామా) వాళ్ళ పేరునే కొన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు, రెన్యూవల్ కాలేదు, సైటు పోయింది. ఒక మాస్టారు తన పాటల సేకరణంతా అందులోనే పెట్టారు. అందుకే ఈసారి అంతా మా చేతిలోనే ఉండాలని పట్టుదల.

సంచికలు చాలావరకు పేజీలు పెట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు, పాత అను తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. మరీ పాతవాటికి అచ్చు కాపీలే మిగిలాయి. మాస్టార్లకి ఫోన్లే ఉన్నాయి, వాయిస్ టైపింగ్‌తో తెలుగు బాగానే కొడతారు. నేను విజయనగరంలో ఉద్యోగం చేస్తాను, ఆదివారాలే ఊరెళ్ళేది. నేను లేకపోయినా సైటు నడవాలి. ఏడాదికి మూడు వేలకు మించి పెట్టుకోలేం. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు?

ఇంకొకటి. పాత సంచికల్లో మా ఊరు శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లా అయింది. సైటులో జిల్లాలవారీగా పెడితే ఎటు చేర్చాలి?

నాగావళి_గట్టు:

హ్యూగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూడండి. వ్యాసాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటాయి, హ్యూగో వాటిని హెచ్‌టీఎంఎల్ పేజీలుగా తయారుచేసి ఇస్తుంది. డేటాబేస్ లేదు, లాగిన్ పేజీ లేదు, కాబట్టి హ్యాకింగ్ టెన్షన్ చాలా తక్కువ. సైట్లు ఉంచే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగా పెట్టుకోవచ్చు, సైటు 1 జీబీ దాటకుండా చూసుకోవాలి. సొంత డొమైన్ తగిలించుకోవచ్చు, ఖర్చు ఆ డొమైన్‌కే. రేపు హ్యూగో వద్దనుకున్నా ఫైళ్ళు మీ దగ్గరే ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటాయి. ఒకసారి సైటు పోగొట్టుకున్నవాళ్ళకి ఇదే మంచిదని నా అభిప్రాయం.

పాత_బ్లాగరు:

నాది ఇప్పటికీ బ్లాగర్‌లోనే ఉంది. గూగుల్ 2003లో దాన్ని కొన్నది, ఇన్నేళ్ళయినా ఉచితమే. హోస్టింగ్ (సైటు ఉంచే సర్వర్ చోటు) బెంగ లేదు. సొంత డొమైన్ పెట్టుకోవచ్చు, బ్యాకప్ ఒక ఫైలుగా దించుకోవచ్చు.

ఒక్కటి చూసుకోండి. శీర్షిక తెలుగులో ఇస్తే బ్లాగర్ చిరునామాని బ్లాగ్‌పోస్ట్_15 లాగ తయారుచేస్తుంది. పబ్లిష్ నొక్కే ముందే పెర్మాలింక్ (పోస్టు చిరునామా) దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాసుకోవాలి.

కోట_దగ్గర_డీటీపీ:

అమ్మా, నేను విజయనగరంలో డీటీపీ (కంప్యూటర్‌లో టైపు, పేజీలు పెట్టే పని) చేస్తాను, పేజ్‌మేకర్ రోజుల నుంచీ ఇదే పని. కొన్ని సంఘాలకి సైట్లు కూడా చూసిపెడుతున్నాను. మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా కనబడింది 'నేను లేకపోయినా నడవాలి' అన్న మాట.

నాగావళి_గట్టు గారు చెప్పినదాంట్లో తప్పు లేదు, హ్యూగో గట్టిది. కానీ మాస్టారు ఫోన్‌లో పాట పాడించి, టైపు చేసి, దాన్ని గిట్‌హబ్‌లోకి ఎలా ఎక్కిస్తారు? మీకు పంపుతారు. మీరు ఆదివారం దాకా ఆగుతారు. ఇంట్లో పెళ్ళో, ఆఫీసులో పనో పడితే అదీ ఉండదు. ఆ పత్రిక రాసేవాళ్ళది, వాళ్ళ చేతికి అందే సాఫ్ట్‌వేరే పెట్టాలి. నేనైతే మీ సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్ వేస్తాను. సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగుకీ డొమైనుకీ మాత్రమే కట్టాలి. మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి కొనకండి, రెన్యూవల్ రేటు ఎంతో అడిగి దాన్నే మీ మూడు వేలతో పోల్చుకోండి.

మాస్టార్లకి ఫోన్‌లో వర్డ్‌ప్రెస్ ఆప్ వేసి, ఒక్కొక్కరికీ లాగిన్ ఇవ్వండి. కంట్రిబ్యూటర్‌గా ఇస్తే వాళ్ళు రాసి పంపగలరు, పబ్లిష్ మాత్రం ఎడిటరే నొక్కాలి. అయితే కంట్రిబ్యూటర్‌కి ఫొటోలు ఎక్కించే వీలుండదు. తప్పెటగుళ్ళ ఫొటోలు పెట్టాలని వాళ్ళకీ ఉంటుంది కదా, ఆథర్‌గా ఇవ్వండి. ఎడిటర్లు ఊళ్ళో ఇద్దరుండాలి, అందులో మీరొకరు కానక్కర్లేదు. ప్లగిన్లు (అదనపు పనులకి తగిలించే చిన్న ప్రోగ్రాములు) తక్కువ పెట్టుకుని, వాటికీ వర్డ్‌ప్రెస్‌కీ అప్‌డేట్లు వేస్తూ ఉండండి. పాడయ్యే సైట్లు ఎక్కువగా అక్కడే పాడవుతాయి.

చిరునామాల సంగతి ఇక్కడా ఉంది. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికనే చిరునామాగా తీసుకుంటుంది. కంప్యూటర్ తెలుగుని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు, శాతం గుర్తులతో రాస్తే తొమ్మిది గుర్తులు అవుతుంది. గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. చిరునామాలో ఆ పేరుకి హద్దు 200 గుర్తులు. అంటే ఇరవై రెండు సంకేతాలు దాటితే శీర్షిక మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల తోరణంలా కనబడుతుంది. ప్రతి పోస్టుకీ స్లగ్ (చిరునామా చివరి పేరు) దగ్గర చిన్న ఇంగ్లీషు పేరు రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. తర్వాత మారిస్తే పాత లింకులు పనిచేయకపోవచ్చు.

ఇక అను ఫాంట్లు. అందులో తెలుగు బొమ్మ వెనక ఉండేది ఇంగ్లీషు కోడే. పేజ్‌మేకర్ నుంచి కాపీ చేసి సైటులో పెడితే చెత్త అక్షరాలు వస్తాయి, వెతికినా దొరకదు. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా సైటులోనైనా చదవగలిగే తెలుగు కోడ్‌లోకి, మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక వత్తులు, సున్నలు మనిషి చదివి సరిచూడాలి. పాటల్లో మా వైపు మాటలు ఉంటాయి కాబట్టి మరీ జాగ్రత్త, బయటివాళ్ళు ఆ మాటని తప్పనుకుని దిద్దేస్తారు. అచ్చు కాపీలే ఉన్నవాటిని శుభ్రంగా స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలు చాలావరకు పట్టుకుంటుంది.

పీడీఎఫ్‌లు మీ హోస్టింగ్‌లో నింపొద్దు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా ఎక్కించి, మీ సైటు నుంచి లింకు ఇవ్వండి. రేపు మీ సైటుకి ఏమైనా అయినా సంచికలు అక్కడ ఉంటాయి. ముందు రచయితల అనుమతి తీసుకోండి. ఒక్కో కాపీ శ్రీకాకుళం కథానిలయానికి కూడా ఇవ్వండి. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో తెలుగు కథ కోసమే పెట్టింది అది, మీ పత్రికలో కథలు అక్కడ ఉండి తీరాలి.

థీమ్ (సైటు రూపం) ఎంచుకునేటప్పుడు డెమో చూసి మురిసిపోకండి, అందులో ఉండేది ఇంగ్లీషు. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' అని శీర్షికలో కొట్టి చూడండి. చాలా థీముల్లో కింది వత్తు తర్వాతి వరసకి తగులుతుంది. లైన్ హైట్ (వరసల మధ్య ఎడం) 1.7 పెడితే సరిపోతుంది. అక్షరానికి గూగుల్ ఫాంట్లలో మండలి, నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి. శీర్షికలకి గిడుగు ఫాంట్ వాడుకోండి. అది గిడుగు రామమూర్తి గారి పేరున్న ఫాంటు; ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, వాడుక మాట కోసం పోరాడిన మనిషి. మీ పత్రిక తలమీద ఆయన పేరున్న అక్షరం ఉంటే నాకు సంతోషం.

డొమైన్ గ్రంథాలయం పేరున, గ్రంథాలయం మెయిల్ ఐడీతో, గ్రంథాలయం డబ్బుతోనే కొనండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. జిల్లాని వర్గంగా పెట్టనే వద్దు. ఊరి పేరు పెట్టండి, అది మారదు. పాత సంచికలో అచ్చయిన చిరునామా ఎలా ఉందో అలాగే ఉంచండి.

నాగావళి_గట్టు:

మాస్టార్ల ఫోన్ల విషయం నేను అంతగా పట్టించుకోలేదు, ఆ మాట సరైనది. అయితే వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైలులో రాత మాత్రమే వస్తుంది, ఫొటోలకి లింకులే ఉంటాయి. కాబట్టి నెలకోసారి డేటాబేస్‌తో పాటు అప్‌లోడ్స్ ఫోల్డరు కూడా దించి, గ్రంథాలయం కంప్యూటర్‌లో పెట్టుకోండి.

రాజాం_పక్క_ఊరు:

అందరికీ చాలా థాంక్స్. వర్డ్‌ప్రెస్‌కే వెళ్తున్నాం. డొమైన్ గ్రంథాలయం పేరున ఈ వారంలోనే కొంటాం. డీటీపీ గారూ, అను ఫైళ్ళలో ముందు ఏవి మార్చమంటారు? కథలా, పాటలా?

కోట_దగ్గర_డీటీపీ:

పాటలు, అమ్మా. కథ రాసినవారు దిద్దుకోగలరు, పాట పాడినవాళ్ళు చాలామంది పెద్దవాళ్ళు. వాళ్ళకి చదివి వినిపించి, మాట సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే అడగాలి. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సోమవారం కోట దగ్గరికి రండి, కన్వర్టర్ వాడే పద్ధతి చూపిస్తాను. డబ్బులేమీ వద్దు.