నగరంలో పెరిగిన అమ్మాయికి పశువుల చదువు సరిపోతుందా?

కూకట్‌పల్లి తండ్రి:
మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. రాజేంద్రనగర్‌లో, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందనున్న కళాశాలలో బి.వి.ఎస్సీ. అండ్ ఏ.హెచ్. చదువుతానని పట్టుబడుతోంది. అపార్ట్‌మెంటులో పెరిగిన పిల్ల. గేదెను చేత్తో తాకి ఎరుగదు. పైగా ఆమె ఆసక్తి వైద్యం కన్నా మేత, పెంపకం, మేలుజాతుల అభివృద్ధి వంటి విషయాల మీదే ఉన్నట్టు కనిపిస్తోంది. అలాంటప్పుడు ఈ డిగ్రీ అవసరమా, జంతుశాస్త్రంలో బి.ఎస్సీ. చాలదా అన్నది నా సందేహం. అనుభవజ్ఞులు చెప్పగలరు.

ఇంటర్న్‌షిప్ విద్యార్థిని:
నమస్కారం అండీ. డిగ్రీ పేరు చివర ఉన్న 'ఏ.హెచ్.' అంటే పశుసంవర్ధకం. మీ అమ్మాయి అడుగుతున్నది అదే. నాలుగున్నరేళ్ల పాఠాలు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నరేళ్ల ఈ కోర్సులో శరీర నిర్మాణం, మందులు, శస్త్రచికిత్సలతో పాటు పశుపోషణ, జన్యుశాస్త్రం, కోళ్ల పెంపకం, పాలు, మాంసం ఉత్పత్తుల సాంకేతికత కూడా చదవాలి. తరువాత పీజీలో, అంటే ఎం.వి.ఎస్సీ.లో, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. బి.ఎస్సీ. జంతుశాస్త్రం మంచి చదువే గాని, అందులో జీవుల వర్గీకరణ, కణశాస్త్రం వంటివి ఎక్కువ. పాడిపశువు దాణా లెక్క కట్టడం అక్కడ నేర్పరు.

గేదెను తాకలేదన్న దిగులు వద్దు. నేను మెహదీపట్నంలో పెరిగాను. చూలు పరీక్ష నేర్పేటప్పుడు మొదట కబేళా నుంచి తెచ్చిన గర్భాశయాలను బల్ల మీద పెట్టి చేత్తో గుర్తుపట్టమన్నారు. ఆ తరువాతే భుజం దాకా తొడుగు వేసుకుని, మలద్వారం గుండా చెయ్యి పెట్టి తడిమి చూడటానికి బతికున్న పశువు దగ్గరకు పంపారు. మొదటి నెలంతా నా చేతికి పేడ తప్ప ఏమీ తెలియలేదు. కళ్లతో చూడలేని అండాశయాన్ని వేళ్లతో పోల్చుకోవడం ఒక రోజు అకస్మాత్తుగా వచ్చేసింది. ఊళ్లో పెరిగిన నా సహాధ్యాయులకూ అంతే కాలం పట్టింది.

విశ్రాంత పశువైద్యాధికారి:
పై అమ్మాయి చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట. ఎం.బి.బి.ఎస్. సీటు రానివారు ఓదార్పుగా ఇందులో చేరి, రెండో ఏడాదికే నీరసపడిపోవడం చూశాను. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లను భారత పశువైద్య మండలి నీట్ ర్యాంకులతో నింపుతుంది గనుక, ఆ పరీక్ష రాసినవారికి ఈ దారి సులువుగా తడుతుంది. మీ అమ్మాయి ఇష్టపడి అడుగుతోంది కాబట్టి ఆ భయం లేదు.

ఇక పెంపకం వేరు, వైద్యం వేరు అనుకోవద్దండీ. పల్లెలో రైతు మన దగ్గరకు వచ్చి 'గేదె కట్టడం లేదు' అంటాడు, అంటే చూలు నిలవడం లేదని. ఎండాకాలంలో గేదె ఎద, అంటే చూలు కట్టే అదను, బయటికి కనిపించదు. దాన్ని మూగ ఎద అంటాం. ఇరవై ఒక్క రోజులకోసారి వచ్చే ఆ అదను తప్పితే, కృత్రిమ గర్భధారణ కోసం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఎంత మేలైన వీర్యం దాచినా ప్రయోజనం లేదు. ఒక్కో తప్పిన ఎదకు మూడు వారాల దాణా ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. చాలాసార్లు సమస్య గర్భాశయంలో ఉండదు, మేత వేసే గాడిలో ఉంటుంది: వట్టి వరిగడ్డి, ఖనిజ లవణాల లేమి. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెట్టి పెట్టమని చెప్పడమే అక్కడ అసలు చికిత్స. అయితే పొదుగువాపు, గాలికుంటు వంటి రోగాలు తెలియని పోషణ నిపుణుడి మాటను రైతు నమ్మడు. అందుకే రెండూ కలిపి చదివే ఈ డిగ్రీయే మేలని నా అభిప్రాయం.

కోళ్ల పరిశోధకుడు:
నగరంలోనే అవకాశాలున్నాయని జోడిస్తాను. పెరటి కోళ్లుగా ఊళ్లలో పేరు పడ్డ వనరాజా, గ్రామప్రియ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందినవే. చెంగిచెర్లలో మాంస పరిశోధన కేంద్రం, గచ్చిబౌలిలో జంతు జీవసాంకేతిక సంస్థ ఉన్నాయి. పశుసంవర్ధకంలో ఎం.వి.ఎస్సీ. చేసినవారికి ఇలాంటి చోట్ల పని దొరికే వీలుంది. కాకపోతే, పశువులకు వైద్యం చేయాలంటే మాత్రం రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదు తప్పనిసరి; దానికి జంతుశాస్త్రం బి.ఎస్సీ. పనికిరాదు.

కూకట్‌పల్లి తండ్రి:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో చదివి వినిపించాను. పేడ సంగతి విని మా ఆవిడ ముఖం చిట్లించింది, అమ్మాయి మాత్రం నవ్వింది. శామీర్‌పేట దగ్గర మా బాబాయి గారికి నాలుగు గేదెలున్నాయి. ఈ ఆదివారం తీసుకువెళ్తున్నాను. ఎన్ని గంటలకు వెళ్తే మేలు?

విశ్రాంత పశువైద్యాధికారి:
తెల్లవారుజామున నాలుగున్నరకు, పాలు పితికే వేళకు వెళ్లండి. కొత్త మనిషిని చూస్తే గేదె చేపకపోవచ్చు, అంటే పాలు దించకపోవచ్చు గనుక, మొదట దూరంగా నిలబడి చూడమనండి. పితకడం అయ్యాక కుడితి తొట్టి ఆమె చేతే నింపించండి.