నాలోక్సోన్‌తో లేచిన పేషెంట్ మళ్లీ మగతలోకి ఎందుకు జారారు?

ప్రశ్న (రికవరీ వార్డు నర్సు):
ఆపరేషన్ అయ్యాక నొప్పికి మార్ఫిన్ ఇచ్చిన ఒక పెద్దాయన శ్వాస నిమిషానికి 6కి పడిపోయింది. కంటిపాపలు బాగా చిన్నవైపోయాయి. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ పడగానే కళ్లు తెరిచి, నొప్పి అన్నారు. గంట తిరక్కుండానే మళ్లీ మగత. నాకు చాలా టెన్షన్ వచ్చింది. పుస్తకంలో రెండు మందుల బొమ్మలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. మరి ఒకటి ఊపిరి తగ్గించి, ఇంకోటి తెప్పించడం ఎలా? నాలోక్సోన్ మార్ఫిన్‌ను ఒంట్లోంచి తీసేయదా?

జవాబు (ఫార్మకాలజీ టీచర్):
తీసేయదు సిస్టర్. మార్ఫిన్ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అసలు ప్రమాదమంతా అక్కడే.

రెండూ చేరేది నరకణం పొరలో ఉండే మ్యూ రిసెప్టర్ అనే ప్రోటీన్‌లో ఒకే గుంటలోకి. రెండింటి నైట్రోజన్ మీదా పాజిటివ్ చార్జ్ ఉంటుంది, గుంట గోడలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం మీద నెగటివ్. అలా అతుక్కుంటాయి. ముఖ్యమైన తేడా ఆ నైట్రోజన్‌కున్న తోకలో: మార్ఫిన్‌కి ఒక కార్బన్ మిథైల్, నాలోక్సోన్‌కి మూడు కార్బన్ల అల్లైల్. మార్ఫిన్ చేరితే రిసెప్టర్ కదులుతుంది. కణం లోపలివైపు దాని ఆరో హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం) పక్కకు జరిగి, ఆ సందులోకి సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే జీఐ ప్రోటీన్ వచ్చి కూర్చుంటుంది. దాంతో పొటాషియం చానళ్లు తెరుచుకుంటాయి, కాల్షియం చానళ్లు మూసుకుంటాయి, నరకణం నెమ్మదిస్తుంది. వెన్నుపాములో ఇది నొప్పి తగ్గిస్తుంది, మెదడు కాండంలో ఊపిరి తగ్గిస్తుంది. నాలోక్సోన్ ఆ కదలికే రానివ్వదు. ఆర్టీసీ బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, అంతే.

కానీ ఏ మందూ గుంటలో స్థిరంగా ఉండదు, వస్తూ పోతూ ఉంటుంది. రక్తంలో నాలోక్సోన్ గంట, గంటన్నరకు సగమైపోతుంది. మార్ఫిన్‌కి రెండు మూడు గంటలు పడుతుంది. నాలోక్సోన్ పలచబడే కొద్దీ మార్ఫిన్‌దే పైచేయి. పెద్దాయన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత?

నర్సు:
2.4 మేడమ్.

టీచర్:
అనుకున్నాను, ఎక్కువే ఉంది. మార్ఫిన్ నుంచి లివర్ తయారుచేసే ఎం6జి కూడా అదే రిసెప్టర్‌ను పనిచేయిస్తుంది. అది పోవాల్సింది కిడ్నీల ద్వారా, అవి సరిగా పనిచేయకపోతే ఒంట్లోనే ఉండిపోతుంది. ఇలాంటివాళ్లను మగత వదిలిందని వెంటనే వార్డుకు పంపకండి, దయచేసి.

జవాబు (ఐసీయూ డాక్టర్):
మేం ఇలాంటప్పుడు నాలోక్సోన్ ఇన్ఫ్యూజన్ (నరంలోకి ఆగకుండా ఎక్కించడం) పెడతాం. అంతకుముందు కూడా కొద్దికొద్దిగా, ఊపిరి అందేంతవరకే ఇవ్వాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే నొప్పి మొత్తం తిరగబడి బీపీ ఎగబాకుతుంది.

ఇంకొకటి. బ్యూప్రెనార్ఫిన్ (ఇదే రిసెప్టర్‌కు అతుక్కునే ఇంకో నొప్పి మందు) ప్యాచ్ చర్మం మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క సరిపోదు. అది రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకుని చాలా నిదానంగా వదులుతుంది, మామూలు మోతాదు నాలోక్సోన్‌కు సరిగా లొంగదు. హ్యాండోవర్‌లో ప్యాచ్ ఉందా, ఎక్కడ అంటించారు అన్నది తప్పకుండా రాయండి సిస్టర్.