చలి రాత్రుల పంట కాపలాకు వేట బూట్లా, గమ్ బూట్లా?

అచ్చంపేట రైతు: చెలకలో యాసంగి వేరుశనగ వేశాను. ఊడలు దిగి కాయ పట్టే దశలో అడవిపందులు మందగా వచ్చి సాళ్లను పెళ్లగించి పోతున్నందున, చీకటి పడ్డది మొదలు తెల్లవారేదాకా మంచె మీదనే ఉండవలసి వస్తోంది. ఒంటికి గొంగడి ఉంది కాని, చెప్పులతో పాదాలు మొద్దుబారిపోతున్నాయి. అమెరికాలో ఉన్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ, అక్కడి జింకల వేటగాళ్లు తొడిగే తోలు బూట్లు, లోపల చలిని ఆపే 800 గ్రాముల థిన్సులేట్ అనే దూది లాంటి పొర ఉన్నవి, తెస్తానంటున్నాడు. తెమ్మనాలా, ఇక్కడే గమ్ బూట్లు కొనుక్కోవాలా?

మిర్యాలగూడ రైతు: వద్దనే చెప్పండి. ఆ 800 బూటు బరువు కాదు. లోపలి పొర చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. నీళ్లు గడ్డకట్టే చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చునేవారి కోసం పెట్టిన మందం అది. మన జిల్లాల్లో బాగా చలి పెట్టిన రాత్రి కూడా 12, 13 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. పందులను అదిలిస్తూ చేను చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చేసరికే ఆ బూట్లలో పాదం చెమటతో తడిసిపోతుంది. గమ్ బూట్లయితే మోకాలి కిందిదాకా వస్తాయి, బురద అంటినా మోటారు దగ్గర కడిగేస్తే సరిపోతుంది.

కల్వకుర్తి రైతు: చెమట మాట మీరే ఎత్తారు కనుక అడుగుతున్నాను, గమ్ బూట్లలో మాత్రం అది ఎటు పోతుంది? రబ్బరు గాని పీవీసీ గాని ఆవిరిని బయటికి పోనివ్వదు. తోలు కొంతైనా పోనిస్తుంది. మీది కాలువ కింది వరి మడి, వారిది ఎర్ర చెలక. బురదే లేనిచోట బురద బూట్లెందుకు? పలుచని పొర ఉన్న తోలు బూట్లు, 200 గ్రాములవి, తెప్పించుకొమ్మని నా సలహా. అడుగు భాగం కుట్టినదయితే అరిగాక మార్పించుకోవచ్చు. పాలీయూరిథేన్ అనే నురుగు ప్లాస్టిక్ అడుగులు గాలిలోని తేమకే లోలోపల చివికిపోతాయి. ఏళ్ల తరబడి పెట్టెలో దాచిన జతను తొడిగి నాలుగడుగులు వేయగానే మడమ పొడిపొడిగా రాలడం చాలామంది చూసే ఉంటారు.

మిర్యాలగూడ రైతు: చెలకలో బురద లేకపోవచ్చు, పాములు లేవా? రక్తపింజర, కట్లపాము రెండూ రాత్రి తిరిగేవే. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారు. ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాట్లలో ఎక్కువ భాగం పాదం మీద, పిక్క మీద పడేవే. చీలమండ దాటని తోలు బూట్లు పిక్కను కాపాడవు.

కల్వకుర్తి రైతు: పొడవైన తోలు బూట్లు కూడా ఉన్నాయి, అయితే వాటి ధర మనకు అందదని ఒప్పుకుంటాను. ఏ బూట్లయినా టార్చిలైటు, చేతికర్ర ఉండవలసిందే.

దేవరకొండ రైతు: ఇద్దరూ బూటు దగ్గరే ఆగిపోయారు. పాదం వెచ్చగా ఉండేది పొడిగా ఉన్నప్పుడు, లోపల వేళ్లు కదిలేంత చోటున్నప్పుడు. బిగుతు బూటులో రెండు జతల మేజోళ్లు తొడిగితే రక్తం సరిగా ఆడక ఇంకా చల్లబడుతుంది. కాబట్టి ఒక సైజు పెద్దవి, అదీ పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, తొడగబోయే మేజోళ్లతోనే కొలిచి కొనండి. నూలు మేజోడు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, ఉన్నిది తడిసినా కొంత వేడిని నిలుపుతుంది. మంచె ఎక్కగానే పొడి జత మార్చుకోండి. బల్లల సందుల్లోంచి గాలి తగలకుండా పాదాల కింద గోనెసంచి మడిచి వేసుకోండి.

అచ్చంపేట రైతు: అయితే బావమరిదిని ఉన్ని మేజోళ్లు మూడు జతలు, బూటు లోపల పాదం కింద వేసుకునే ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) అట్టలు రెండు జతలు మాత్రమే తెమ్మంటాను. గమ్ బూట్లు ఒక సైజు పెద్దవి ఇక్కడే తీసుకుంటాను.

కల్వకుర్తి రైతు: మంచిదే. ఆ అట్టలను రోజూ పొద్దున తీసి ఎండలో వేయండి, బూట్లను మాత్రం పొయ్యి దగ్గర పెట్టకండి. కాపలా సాగినన్నాళ్లూ మీకు చెమట ఎంత పట్టిందో ఇక్కడ రాయండి. నా మాట నేనింకా వెనక్కి తీసుకోలేదు.